నచ్చిన సైట్లలో కొత్త టపా పడిన సంగతి తప్పకుండా తెలియాలంటే

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను. మీరు ఇష్టంగా చదివే సొంత సైట్లు ఆరేడు ఉన్నాయి. వాటిలో కొన్ని బ్లాగ్‌స్పాట్‌లోనూ కొన్ని వర్డ్‌ప్రెస్‌లోనూ నడుస్తున్నాయి, ఒకటి మాత్రం రచయిత హెచ్‌టీఎంఎల్ పేజీలు తానే రాసుకుని పెట్టుకున్న సైటు. ఆ రచయితలు రెండు మూడు నెలలకొకసారి రాస్తారు కనుక రోజూ వెళ్ళి చూస్తే ఏమీ ఉండదు, చూడటం మానేస్తే మంచి వ్యాసం వచ్చిన సంగతి ఆరు నెలల తరువాత ఎవరో చెబితే తెలుస్తోంది. ఒకరి టపాలు, అంటే సైటులో వేసే రచనలు, ఇదివరకు ఈమెయిల్లో వచ్చేవి, కొన్నేళ్ళ కిందట ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఫేస్‌బుక్‌లో వారి పేజీలను అనుసరిస్తున్నా ఏదీ కనబడటం లేదు. ఈ పరిస్థితిలో నమ్మదగిన మార్గం ఏదని మీ ప్రశ్న.

నా సలహా ముందే చెబుతాను. ఒక ఫీడ్ రీడరు ఎంచుకుని ఆ సైట్లన్నింటి ఫీడ్లనూ అందులో చేర్చుకోండి. ఫీడ్ అంటే సైటు తన కొత్త టపాలను నమోదు చేసే జాబితా, ఆ జాబితాలను చూసివచ్చి మీకు ఒకచోట చూపే సాఫ్ట్‌వేరు రీడరు. ఒకరిద్దరు రచయితల టపాలు వెంటనే తెలియాలనుకుంటే వాటికి మాత్రం అదనంగా ఈమెయిలు చందా పెట్టుకోండి. ఫేస్‌బుక్, వాట్సాప్ వంటివాటిని మిత్రులతో మాట్లాడుకోవడానికి ఉంచుకోండి గాని, కొత్త టపా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి వాటి మీద ఆధారపడవద్దు. చాలా ఏళ్ళుగా ఫీడ్ల ద్వారానే చదువుతూ, కొందరు మిత్రుల సైట్లను నిర్వహించడంలో సాయపడుతూ వచ్చిన అనుభవంతో ఈ మాట చెబుతున్నాను.

రోజుకు ఇరవై వార్తలు వేసే సైటును అనుసరించడానికి ఏ ఏర్పాటూ అక్కరలేదు, ఎప్పుడు తెరిచినా కొత్తది ఉంటుంది. చెప్పవలసింది ఉన్నప్పుడు మాత్రమే రాసే మనిషి సంగతి వేరు. అలాంటివారి రచనలే సాధారణంగా దాచుకుని చదవదగ్గవిగా ఉంటాయి, అవే మన కళ్ళబడకుండా పోతాయి. సామాజిక మాధ్యమాలలో మనకు కనిపించే వరుసను ఆ సంస్థ లెక్కలు నిర్ణయిస్తాయి. తరచుగా రాసేవారికి, వెంటనే స్పందనలు రాబట్టేవారికి అక్కడ చోటు దొరుకుతుంది. మూడు నెలల మౌనం తరువాత ఒక లంకె మాత్రం పెట్టిన రచయిత ఆ వరుసలో అడుగుకు పోతాడు. ఫీడ్‌కు అటువంటి పక్షపాతం లేదు. ఏడాదికి ఒక్కటే రాసినా ఆ ఒక్కటీ మీ ముందుకు వస్తుంది. నా దృష్టిలో ఫీడ్‌కు ఉన్న అన్నిటికన్నా పెద్ద సుగుణం ఇదే, మీకు కావలసినదీ ఇదే.

అయితే ఫీడ్ అంటే ఏమిటో ఒక్కసారి దగ్గరగా చూస్తే మీకు నమ్మకం కుదురుతుంది. అది సైటులోనే ఉండే ఒక చిన్న ఫైలు. కొత్త టపా వేసినప్పుడల్లా సైటు సాఫ్ట్‌వేరు ఆ ఫైలును తనంతట తానే తిరగరాస్తుంది. కంప్యూటరులో క్రోమ్ బ్రౌజరుతో దాన్ని నేరుగా తెరిస్తే కోణపు బ్రాకెట్లతో నిండిన గజిబిజి పాఠం కనబడుతుంది, అది చూసి సైటు పాడైందనుకుని మూసివేసేవారు చాలామంది. కొంచెం ఓపికగా చూడండి. పైన సైటు పేరు, చిరునామా ఉంటాయి. ఆ కింద ఒక్కొక్క టపాకు ఒక్కొక్క ఖండం ఉంటుంది, ఆ ఖండంలో టపా శీర్షిక, లంకె, ప్రచురించిన తేదీ, ఒక గుర్తింపు సంకేతం, టపా పాఠం కనబడతాయి. వర్డ్‌ప్రెస్ ఫీడ్‌లో సమయం గ్రీనిచ్ కాలమానంలో ఉంటుంది కనుక హైదరాబాదులో ఉదయం 6 గంటలకు వేసిన టపా అక్కడ 00:30 అని నమోదవుతుంది, దాన్ని చూసి కంగారుపడనక్కరలేదు, రీడరు దాన్ని మన కాలంలోకి మార్చి చూపుతుంది.

ఆ గుర్తింపు సంకేతం పైకి కనబడని పని చాలా చేస్తుంది. ఫలానా టపాను మీరు ఇదివరకే చదివారా లేదా అనేది రీడరు దాన్ని బట్టే తెలుసుకుంటుంది. బ్లాగ్‌స్పాట్ ఫీడ్‌లో అది బ్లాగ్‌స్పాట్‌ను నడిపే బ్లాగర్ సేవ పేరుతో, 1999 అనే అంకెతో మొదలై పొడవాటి సంఖ్యతో ముగుస్తుంది. వర్డ్‌ప్రెస్‌లో సైటు చిరునామా, టపా వరుస సంఖ్య కలిసి ఉంటాయి. అందువల్ల ఆ రెండింటిలోనూ రచయిత తరువాత శీర్షికలో అచ్చుతప్పు దిద్దినా, లంకెలో మాట మార్చినా మీకు అదే టపా మళ్ళీ కొత్తదిగా రాదు. హ్యూగో వంటి సాధనాలతో తయారయ్యే సైట్లలో మామూలుగా టపా లంకెనే గుర్తింపు సంకేతంగా వాడతారు. అలాంటి సైటు కొత్త చిరునామాకు మారినప్పుడు పాత టపాలన్నీ ఒక్కసారిగా చదవనివిగా ప్రత్యక్షమవుతాయి. మీ రీడరులో ఎప్పుడైనా అలా జరిగితే కారణం అదని గ్రహించి, అన్నింటినీ చదివినట్టుగా గుర్తుపెట్టి ముందుకు సాగండి.

రీడరు చేసే పని చాలా సరళమైనది. అది కొన్ని గంటలకొకసారి ఆ ఫైలు దగ్గరకు వెళ్ళి, పోయినసారి తాను చూసినప్పటి గుర్తును చూపించి, ఆ తరువాత ఏమైనా మారిందా అని సర్వరును అడుగుతుంది. మారకపోతే సర్వరు 304 అనే సంఖ్యతో ఏ మార్పూ లేదని జవాబిస్తుంది, ఫైలును మళ్ళీ పంపదు. మారితే పంపుతుంది, రీడరు అందులోని కొత్త ఖండాన్ని మీ జాబితాలో చేరుస్తుంది. ఈ మొత్తం వ్యవహారంలో మీ ఈమెయిలు చిరునామా గాని, ఫోన్ నంబరు గాని, పేరు గాని రచయితకు ఇవ్వనక్కరలేదు. చదవడం ఇష్టం లేనప్పుడు జాబితా నుంచి తీసేస్తే చాలు, ఎవరికీ చెప్పవలసిన పని లేదు.

ఇదేమీ నిన్నటి సాంకేతికత కాదు. 1999 మార్చిలో నెట్‌స్కేప్ సంస్థలో, మద్రాసు ఐఐటీలో చదివిన రామనాథన్ గుహా, ఆయన సహోద్యోగి డాన్ లిబ్బీ దీని మొదటి రూపాన్ని తయారుచేశారు. 2002లో డేవ్ వైనర్ వెలువరించిన ఆర్‌ఎస్‌ఎస్ 2.0 అనే ఫీడ్ రూపం నేటికీ వాడుకలో ఉంది. 2005 డిసెంబరులో ఆటమ్ అనే మరో ప్రామాణిక రూపం వచ్చింది, బ్లాగ్‌స్పాట్ మామూలుగా ఇచ్చేది దాన్నే. చదువరిగా ఈ రెండింటి తేడా మీకు అవసరం లేదు, రీడర్లన్నీ రెండింటినీ చదువుతాయి.

మీరు పాత తెలుగు బ్లాగుల కాలం నుంచి చదువుతున్నవారైతే మీకు తెలియకుండానే ఫీడ్లను వాడి ఉంటారు. కూడలి, జల్లెడ, హారం, మాలిక వంటి సంకలినులు వందల తెలుగు బ్లాగుల కొత్త టపాలను ఒక్క పేజీలో చూపగలిగింది ఆ బ్లాగుల ఫీడ్లను చదవడం ద్వారానే. పొద్దున్నే ఒక సంకలిని తెరిచి, నచ్చిన శీర్షిక మీద నొక్కి, ఆ బ్లాగులో వ్యాఖ్య రాసి రావడం ఆనాటి తెలుగు బ్లాగరుల దినచర్య. ఆ సంకలినుల వెనక జీతం లేకుండా పనిచేసినవారికి మనం ఎంతో రుణపడి ఉన్నాం. కాని సంకలిని అందరికీ ఒకే జాబితా చూపుతుంది, దాన్ని నడిపేవారికి తీరిక తగ్గితే ఆ జాబితా కూడా ఆగిపోతుంది. సొంత రీడరులో జాబితా మీదే. ఎవరిని చేర్చాలో, ఎవరిని తీసేయాలో మీరే నిర్ణయించుకుంటారు.

ఈ ‘జాబితా మీదే’ అన్న మాటకు ఒక ముఖ్యమైన షరతు ఉంది. 2005 అక్టోబరులో వచ్చిన గూగుల్ రీడర్‌ను ప్రపంచంలో ఎంతోమంది వాడేవారు. దాన్ని మూసివేస్తున్నామని 2013 మార్చిలో ప్రకటించి, ఆ జూలై 1న మూసివేశారు. చాలామంది చదువరులు ఫీడ్లతో పాటు చదవడమే వదిలేసి సామాజిక మాధ్యమాలకు వెళ్ళిపోయారు. కాని ఆ మధ్య మూడున్నర నెలల్లో తమ జాబితాను ఓపీఎంఎల్ అనే ఫైలుగా దించుకున్నవారు దాన్ని మరో రీడరులోకి ఎక్కించి, ఒక్క సైటు కూడా పోగొట్టుకోకుండా చదువుతూనే ఉన్నారు. మీరు ఏ రీడరు ఎంచుకున్నా సెట్టింగులలో ఈ ఫైలును దించుకునే సదుపాయం ఉందో లేదో మొదటిరోజే చూడండి. లేకపోతే ఆ రీడరు వద్దు. ఉంటే అప్పుడప్పుడు దించుకుని మీ ఈమెయిలుకు మీరే పంపుకోండి. అది కొన్ని కిలోబైట్ల ఫైలు మాత్రమే.

గూగుల్ రీడర్ మూతపడిన తరువాత, 2018 డిసెంబరులో ఫైర్‌ఫాక్స్ కూడా తన బ్రౌజరులోని ఫీడ్ సదుపాయాన్ని తీసివేసింది. దీనితో ఫీడ్ల కాలం చెల్లిందన్న అభిప్రాయం బలపడింది. అది నిజం కాదు. వర్డ్‌ప్రెస్, బ్లాగ్‌స్పాట్, సబ్‌స్టాక్, మీడియం, ఘోస్ట్ వంటి రచనా వేదికలన్నీ రచయిత అడగకపోయినా ఫీడ్‌ను తయారుచేస్తూనే ఉన్నాయి. మీరు వినే పాడ్‌కాస్టులలో అత్యధికం ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ ద్వారానే మీ ఫోనుకు చేరుతున్నాయి. ఫీడ్ ఉందని తెలిపే కాషాయరంగు గుర్తు సైట్ల మీద కనబడకుండా పోయిందే తప్ప ఫీడ్ మాయం కాలేదు. మీరు చదివే సైట్ల రచయితలలో కొందరికి తమ సైటుకు ఫీడ్ ఉందన్న సంగతి తెలియకపోయినా ఆశ్చర్యం లేదు.

ఇక చిరునామా కనిపెట్టడం. చాలా రీడర్లలో సైటు చిరునామా అతికిస్తే చాలు, ఫీడ్ ఎక్కడుందో అదే వెతికి పట్టుకుంటుంది. పట్టుకోలేనప్పుడు మీరే ఇవ్వవచ్చు. వర్డ్‌ప్రెస్ సైటైతే చిరునామా చివర స్లాష్ పెట్టి ‘ఫీడ్’ అన్న మాటను ఆంగ్లాక్షరాలలో చేర్చండి, సబ్‌స్టాక్‌కూ ఇదే పద్ధతి. బ్లాగ్‌స్పాట్ అయితే స్లాష్ ‘ఫీడ్స్’, స్లాష్ ‘పోస్ట్స్’, స్లాష్ ‘డిఫాల్ట్’ అని వరుసగా చేర్చాలి. ఇవేవీ పనిచేయకపోతే కంప్యూటరులో ఆ పేజీ తెరిచి కంట్రోల్, యు మీటలు కలిపి నొక్కితే పేజీ మూలపాఠం కనబడుతుంది, అందులో ‘ఆల్టర్నేట్’ అన్న ఆంగ్ల పదం కోసం వెతకండి. ఫీడ్ చిరునామా చాలావరకు ఆ పక్కనే ఉంటుంది.

మీకు చాలా ఉపయోగపడే సదుపాయం ఇంకొకటి ఉంది, దీని సంగతి తక్కువమందికి తెలుసు. ఒకే రచయిత కథలూ వంటలూ ప్రయాణాలూ అన్నీ రాస్తుంటే, మీకు కథలు మాత్రమే కావాలనుకోండి. వర్డ్‌ప్రెస్‌లో ఆ వర్గం పేజీకి వెళ్ళి దాని చిరునామా చివర ‘ఫీడ్’ చేర్చితే ఆ వర్గం టపాలు మాత్రమే వస్తాయి. బ్లాగ్‌స్పాట్‌లో పైన చెప్పిన ఫీడ్ చిరునామా తరువాత స్లాష్, అడ్డగీత, మళ్ళీ స్లాష్ పెట్టి లేబుల్ పేరు రాయాలి. లేబుల్ తెలుగులో ఉంటే తెలుగులోనే రాయవచ్చు.

రీడరు ఎంపికకు వస్తే, ఫోనులోనూ కంప్యూటరులోనూ రెండు చోట్లా చదివేవారికి ఫీడ్లీ గాని ఇనోరీడర్ గాని అనుకూలం. ఒకచోట చదివింది రెండోచోట చదివినట్టుగానే ఉంటుంది. ఫీడ్లీ ఉచిత ఖాతాలో వంద సైట్ల దాకా చేర్చుకోవచ్చు, ఆరేడు సైట్ల కోసం డబ్బు కట్టవలసిన పని లేదు. ఏ సంస్థలోనూ ఖాతా తెరవడం ఇష్టం లేకపోతే ఆండ్రాయిడ్ ఫోనులో ‘ఫీడర్’ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉంది, అది నేరుగా మీ ఫోను నుంచే సైట్లను చూసివస్తుంది. ఆపిల్ పరికరాలు వాడేవారికి నెట్‌న్యూస్‌వైర్ ఉచితం, చాలా శ్రద్ధగా తయారైనది. ఈమెయిలుకు థండర్‌బర్డ్ వాడేవారు అందులోనే ఫీడ్లు కూడా చదువుకోవచ్చు. సొంత సర్వరు నడపగలిగినవారికి ఫ్రెష్‌ఆర్‌ఎస్‌ఎస్ ఉంది, దాని గురించి ఇక్కడ విస్తరించను. మీ అవసరానికి నేనైతే ఇనోరీడర్‌తో మొదలుపెట్టమంటాను, నచ్చకపోతే ఓపీఎంఎల్ ఫైలు పట్టుకుని వేరేచోటికి మారడం ఐదు నిమిషాల పని.

చేర్చుకున్న తరువాత రెండు విషయాలు గమనించండి. ఫీడ్‌లో సైటు మొదటి టపా నుంచి అన్నీ ఉండవు, ఇటీవలివి మాత్రమే ఉంటాయి. వర్డ్‌ప్రెస్‌లో రచయిత మార్చకపోతే అది పది టపాలు. పాతవి చదవాలంటే సైటుకే వెళ్ళాలి. రెండోది, కొందరు రచయితలు ఫీడ్‌లో పూర్తి పాఠం ఇవ్వరు, నాలుగు వాక్యాలు ఇచ్చి ఆపుతారు. అది లోపం కాదు, సైటుకు రమ్మని వారు చేసుకున్న ఏర్పాటు. మీకు కావలసింది కొత్త టపా వచ్చిన కబురే కనుక దానివల్ల నష్టం లేదు.

ఒక గట్టి హెచ్చరిక కూడా చేయాలి. రీడరు దొరికిన ఉత్సాహంలో దినపత్రికల సైట్లను, సినిమా వార్తల సైట్లను ఇదే జాబితాలో చేర్చకండి. రోజుకు రెండు వందల వార్తలు వచ్చిపడితే, మూడు నెలలకు వచ్చిన ఆ ఒక్క వ్యాసం మళ్ళీ అడుగున పడిపోతుంది, మీరు ఫేస్‌బుక్‌లో పడుతున్న కష్టాన్నే ఇక్కడికీ తెచ్చుకున్నట్టవుతుంది. తప్పదనుకుంటే వాటిని వేరే ఫోల్డరులో పెట్టి, సొంత సైట్ల ఫోల్డరును ముందు తెరిచే అలవాటు చేసుకోండి. ఫోనులో రీడరు ఇచ్చే తక్షణ సూచనలను ఆపేయడం కూడా మంచిది. ఇటువంటి రచనలు కూర్చుని చదవవలసినవి, బస్సులో ఫోను మోగినప్పుడు పైపైన చూసి వదిలేయవలసినవి కావు.

మీకు ఆగిపోయిన ఈమెయిళ్ళ సంగతి. బ్లాగ్‌స్పాట్ సైట్లలో ‘ఈమెయిలు ద్వారా అనుసరించండి’ అని ఒక చిన్న పెట్టె ఉండేది. దాని వెనక పనిచేసినది ఫీడ్‌బర్నర్ అనే సేవ. 2007లో గూగుల్ దాన్ని కొనుగోలు చేసింది, 2021 జూలైలో అందులోని ఈమెయిలు పంపే భాగాన్ని నిలిపివేసింది. చందాదారుల జాబితాను దించుకుని వేరే సేవకు మార్చుకోవడానికి బ్లాగు నడిపేవారికి అవకాశం ఇచ్చారు గాని, ఎంతోమంది దాన్ని పట్టించుకోలేదు, కొందరికి ఆ ప్రకటన చేరనేలేదు. మీరు చెప్పిన బ్లాగు బ్లాగ్‌స్పాట్‌దే అయితే, మీ ఈమెయిళ్ళు ఆగింది కూడా ఆ రోజుల్లోనే అయితే కారణం దాదాపుగా ఇదే. రచయిత మిమ్మల్ని తొలగించలేదు. ఆ బ్లాగు ఫీడ్ మాత్రం ఇప్పటికీ పనిచేస్తూ ఉండాలి, పైన చెప్పిన చిరునామాతో చూడండి.

వర్డ్‌ప్రెస్ సైట్లలో ఈమెయిలు చందా చాలాచోట్ల ఉంటుంది. చిరునామా ఇచ్చిన తరువాత నిర్ధారణ కోసం ఒక ఉత్తరం వస్తుంది, అందులోని లంకెను నొక్కేదాకా చందా మొదలుకాదు. చందా కట్టాను, ఏమీ రావడం లేదు అనేవారిలో చాలామంది విషయంలో ఆ ఉత్తరం స్పామ్‌లో పడి ఉంటుంది. వచ్చిన టపాలు జీమెయిల్లో ‘ప్రమోషన్స్’ విభాగంలోకి పోతుంటే ఒకదాన్ని లాగి ‘ప్రైమరీ’లో వేయండి, లేదా ఆ చిరునామాకు ఒక ఫిల్టరు పెట్టి వేరే లేబుల్ కింద చేరేలా చేయండి. ఈమెయిలుకు ఉన్న సౌలభ్యం అందరికీ అలవాటైనది కావడం. దాని ఇబ్బంది, మీ చిరునామా రచయిత దగ్గరకో, ఆ ఉత్తరాలు పంపే సంస్థ దగ్గరకో చేరడం, మీరు ఉత్తరం తెరిచారా లేదా అన్నది కూడా చాలా సేవలు నమోదు చేసుకోవడం. తెలిసిన రచయితకు చిరునామా ఇవ్వడంలో నాకు అభ్యంతరం కనబడదు. ఫీడ్ లేకుండా కేవలం ఈమెయిలు ద్వారానే రాసేవారు ఎదురైతే, ‘కిల్ ద న్యూస్‌లెటర్’ అనే ఉచిత సేవ ఒక కొత్త ఈమెయిలు చిరునామా ఇచ్చి, దానికి వచ్చే ఉత్తరాలను ఫీడ్‌గా మార్చి ఇస్తుంది.

వాట్సాప్ సమూహాలలో లంకెలు పంచుకోవడం మనవారిలో బాగా ఉన్న అలవాటే. కాని శుభోదయాల మధ్య లంకె పైకి కొట్టుకుపోతుంది, సమూహంలో చేరితే మీ ఫోన్ నంబరు అందరికీ కనబడుతుంది. తెలుగు శీర్షికే లంకెగా మారే వర్డ్‌ప్రెస్ టపాను అతికిస్తే ఒక్కొక్క తెలుగు సంకేతానికి తొమ్మిదేసి గుర్తుల చొప్పున పొడవాటి లంకె తయారవుతుంది, అది చూసి ఏదో మోసపు లంకె అనుకుని నొక్కనివారిని నేను చూశాను. రచయిత టెలిగ్రామ్ చానెల్ గాని వాట్సాప్ చానెల్ గాని నడుపుతుంటే అది సమూహం కన్నా మెరుగు. ఫేస్‌బుక్‌నే వాడాలనుకుంటే, 2022లో వచ్చిన ‘ఫీడ్స్’ విభాగం తెరవండి, అందులో మీరు అనుసరించే పేజీల టపాలు తేదీల వరుసలో ఉంటాయి. ముప్పై దాకా పేజీలను, మిత్రులను ఇష్టమైనవిగా గుర్తుపెట్టుకోవచ్చు కూడా. బ్రౌజరులో వచ్చే తక్షణ సూచనలకు అనుమతి ఇవ్వమని నేను చెప్పను, ఒకసారి అలవాటుగా అనుమతి నొక్కడం మొదలైతే అక్కరలేని సైట్లు కూడా చేరిపోతాయి.

ఇక మిగిలింది ఆ హెచ్‌టీఎంఎల్ సైటు. దానికి ఫీడ్ లేదు కనుక రెండు దారులున్నాయి. మొదటిది, పేజీ మారినప్పుడు తెలియజేసే సాధనం. డిస్టిల్ అనే బ్రౌజరు పొడిగింపులో మీరు గమనించదలచిన భాగాన్ని పేజీలో గుర్తించి పెట్టవచ్చు. మొత్తం పేజీని కాక వ్యాసాల జాబితా ఉన్న భాగాన్ని మాత్రమే ఎంచుకోండి, లేకపోతే సందర్శకుల లెక్క మారినా, నేటి తేదీ మారినా మీకు కబురు వస్తుంది. రోజుకు ఒకసారి చూస్తే చాలు. చిన్న సర్వరు మీద నడిచే సైటును నిమిషానికొకసారి తట్టడం మర్యాద కాదు.

రెండో దారి నాకు ఎక్కువ ఇష్టమైనది. ఆ రచయితకు ఒక ఉత్తరం రాయండి, మీ వ్యాసాలు తప్పిపోకుండా చదవాలని ఉంది, ఒక ఫీడ్ పెట్టగలరా అని అడగండి. ఇలా అడిగే చదువరి ఉన్నాడని తెలియడమే రాసేవారికి గొప్ప బలం. ఏడాదికి నాలుగైదు వ్యాసాలు రాసే మనిషికి దీనికోసం ఏ సాఫ్ట్‌వేరూ అవసరం లేదు, పేజీలు చేత్తో రాసుకునేవారు ఫీడ్‌ను కూడా చేత్తో రాసుకోవచ్చు. ఒక మామూలు పాఠ్య ఫైలులో పైన సైటు పేరు, కింద ఒక్కొక్క వ్యాసానికి శీర్షిక, లంకె, తేదీ, గుర్తింపు సంకేతం ఉంటే సరిపోతుంది. కొత్త వ్యాసం వేసినప్పుడు పై ఖండాన్ని నకలు తీసి వివరాలు మార్చడమే.

ఆయనకు మూడు సంగతులు చెప్పండి, తెలుగు సైట్లలో నేను తరచుగా చూసే చిక్కులు ఇవే. ఫైలును అన్ని భాషల లిపులకూ పనికివచ్చే యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరచాలి, లేకపోతే తెలుగు స్థానంలో ప్రశ్నార్థకాలు వస్తాయి. తేదీలో వారం, నెల పేర్లు ఆంగ్లంలోనే, నిర్దేశించిన పొట్టి రూపంలో ఉండాలి, ‘మార్చి’ అని తెలుగులో రాస్తే రీడరు తేదీని గుర్తించలేదు. లంకెలలో ‘అండ్’ (&) గుర్తు ఉంటే దాన్ని ఫీడ్ ఫైళ్ళు రాసే ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలో మార్చి రాయాలి, ఆ ఒక్క గుర్తు సరిగా లేకపోయినా మొత్తం ఫీడ్ చదవబడకుండా పోతుంది. వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ వారి ఉచిత ఫీడ్ పరీక్షా పేజీలో చిరునామా ఇస్తే ఏ వరుసలో తప్పుందో అదే చూపిస్తుంది. అంతా సరిపోయాక సైటు మొదటి పేజీ తలభాగంలో ఫీడ్ చిరునామాను సూచించే ఒక్క వాక్యం చేర్చమనండి. అప్పుడు ఏ చదువరైనా సైటు చిరునామా ఒక్కటే తన రీడరుకు ఇస్తే, ఫీడ్‌ను అదే కనిపెట్టుకుంటుంది.